బండి బల్బు మార్చే ముందు



"అన్నా, ఈ పచ్చ లైటు తీసేసి తెల్లది వెయ్యవా?" మెకానిక్ షాపుల దగ్గర ఈమధ్య తరచు వినపడుతున్న మాట ఇది. అడిగేది కుర్రవాళ్ళే అనుకోకండి. తెల్లవారుజామున పాలక్యాన్లు కట్టుకుని బయల్దేరే రైతు అడుగుతున్నాడు. రెండో షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుడు అడుగుతున్నాడు. పొద్దుపోయాక ఏజెన్సీ ఊళ్ళ నుంచి స్కూటీ మీద తిరిగొచ్చే టీచరమ్మ అడుగుతోంది. వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి వంద, నూటపాతిక సీసీ బళ్ళు. వాటిలో చాలావాటికి ముందు దీపం 35 వాట్ల హాలోజన్ బల్బు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటారు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు రోడ్డు వారగా ఆగి ఉంటుంది. గేదెల మంద అడ్డం వస్తుంది. ఆ 35 వాట్ల వెలుగులో ఇవన్నీ సమయానికి కనపడాలంటే కష్టమే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్ళే. కాబట్టి బండి దీపం గురించి కాసేపు నిదానంగా మాట్లాడుకోవడం అవసరం.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. టెయిల్ లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు ఎల్‌ఈడీకి మార్చుకుంటే మేలే జరుగుతుంది. ఒకటి రెండు జాగ్రత్తలు చాలు. ముందు హెడ్‌లైటు దగ్గర మాత్రం ఆగండి. అక్కడ బల్బు మార్చడం అంటే మీ వెలుగు పెంచుకోవడం ఒక్కటే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ళ చూపు మీద చెయ్యి వెయ్యడం కూడా.

ఎందుకో తెలియాలంటే పాత బల్బు లోపలికి చూడాలి. ఒక హాలోజన్ బల్బును పగటిపూట చేతిలోకి తీసుకోండి. లోహపు మూతి దగ్గర పట్టుకోండి, గాజును వేళ్ళతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే ఆ వేడికి గాజు పాడవుతుంది. లోపల రెండు సన్నటి తీగ చుట్టలు కనపడతాయి. ఒకటి బ్రైటుకి, రెండోది డిమ్ముకి. డిమ్ము చుట్ట కింద చిన్న రేకు దొప్ప ఒకటి అమర్చి ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు. గమనించినా అదేదో ఆసరా కోసం పెట్టారనుకుంటారు. నిజానికి ఆ బల్బులో అన్నిటికన్నా తెలివైన భాగం అదే.

డిమ్ము చుట్ట నుంచి కిందికి పోయే వెలుగును ఆ దొప్ప ఆపేస్తుంది. మిగిలిన వెలుగు పైకి పోయి డూమ్ (హెడ్‌లైటు గిన్నె) లోపలి అద్దంలో పై సగానికి మాత్రమే తగులుతుంది. పై సగం ఆ వెలుగును కిందికి వంచి రోడ్డు మీద పరుస్తుంది. దొప్ప లేకపోతే కింది సగానికి కూడా వెలుగు తగులుతుంది. కింది సగం దాన్ని పైకి విసురుతుంది. పైకి అంటే, ఎదురుగా వచ్చే మనిషి కళ్ళలోకి. డిమ్ములో ఉన్న బండి లైటును మీరు గోడ మీద వేసి చూస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో అడ్డంగా ఒక గీత కనపడుతుంది. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి కొన్ని బళ్ళలో ఆ గీత ఎడమ చివర కాస్త పైకి లేస్తుంది, ఎడమ అంచున నడిచేవాళ్ళు, మైలురాళ్ళు కనపడటానికి. ఆ గీతను నిలబెట్టేది ఆ చిన్న రేకు ముక్క.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తీగ చుట్ట డూమ్‌లో ఎక్కడ ఉండాలో మిల్లీమీటర్లలో లెక్కగట్టి పెడతారు. మన ఇళ్ళలో పాత మూడు సెల్లుల టార్చిలైటు ఉండేది గుర్తుందా? దాని తల తిప్పితే వెలుగు ఒకసారి బాణంలా సన్నగా పోయేది, ఒకసారి పళ్ళెంలా విచ్చుకునేది. బల్బు అదే, సెల్లులు అవే. బల్బుకీ అద్దానికీ మధ్య దూరం పిసరంత మారేది, అంతే. హెడ్‌లైటులోనూ అదే సూత్రం. వెలుగును తయారుచేసేది బల్బు, దానికి దారి చూపేది అద్దం. ఒకదాని కొలతకు రెండోదాన్ని తయారుచేశారు.

ఇప్పుడు ఆ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టారనుకోండి. దాని మూతి సరిగ్గా పడుతుంది, క్లిప్పు బిగుస్తుంది, హోల్డరు ఎక్కుతుంది. అందుకే ఇది సులువైన పనిలా కనపడుతుంది. కానీ ఎల్‌ఈడీలో తీగ చుట్ట ఉండదు. ఒక పలక మీద ఆ పక్క కొన్ని, ఈ పక్క కొన్ని చిన్న గింజలు అతికించి ఉంటాయి. హాలోజన్ తీగ తన చుట్టూ అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతుంది. ఈ గింజలు తామున్న పక్క వైపే చిమ్ముతాయి. మంచి తయారీదారు ఆ గింజలను పాత చుట్ట ఉండే చోటే, దాదాపు ఆ చుట్టంత సైజులోనే అమర్చి, డిమ్ము గింజల కింద దొప్పలాంటి రేకు కూడా పెడతాడు. అటువంటి బల్బు కొంతవరకు పాతదాని పని చెయ్యగలదు. చవక బల్బులలో గింజలు పెద్దవి, పలక మందం, దొప్ప ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మూడు నాలుగు వైపుల గింజలు అతికించినవి కూడా వస్తున్నాయి. అవి పెట్టగానే డూమ్ మొత్తం తెల్లగా వెలిగిపోతుంది. షాపు ముందు చూసినవాళ్ళు అబ్బా అంటారు. రోడ్డెక్కి చూస్తే బండికి ముందు నాలుగు గజాల్లో తారు తెల్లగా మెరుస్తుంది, చెట్ల కొమ్మలు మెరుస్తాయి, వెలుగు అవసరమైన దూరంలో మాత్రం చీకటే. దగ్గర్లో మెరుపు ఎక్కువయ్యే కొద్దీ కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో దూరం మరింత చీకటవుతుంది. నడిపేవాడికి మాత్రం బాగా కనపడుతున్నట్టే ఉంటుంది. అందులోనే ప్రమాదం ఉంది.

ఎదుటి మనిషి సంగతి ఇంకా కష్టం. గోదావరి జిల్లాల్లో కాలవ గట్టు రోడ్లు చూసినవాళ్ళకు తెలుసు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మధ్యలో సన్నటి తారు. అక్కడ ఎదురుగా వచ్చే లైటుకు కళ్ళు బైర్లు కమ్మితే తప్పుకోవడానికి చోటుండదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. చూపు తిరిగి కుదురుకునేసరికి పట్టే రెండు మూడు సెకన్లలో అది గుడ్డిగా పోయే దూరం ఎంతో మీరే లెక్క వేసుకోండి. వయసు మీదపడినవాళ్ళకు, కంట్లో శుక్లం మొదలైనవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. కంటి కటకం మసకబారినప్పుడు వెలుగు అందులో చెదిరి, కళ్ళ ముందు తెల్లటి తెర కట్టినట్టవుతుంది.

తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం పాలు ఎక్కువ. దానికి కారణం అది పుట్టిన తీరులో ఉంది. తెల్ల ఎల్‌ఈడీ గింజ నిజానికి నీలం వెలుగునిచ్చే గింజ. దాని మీద పసుపు రంగు పొడి పూత పూస్తారు. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనపడతాయి. ఆ నీలం గింజను సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లోకమంతా తక్కువ కరెంటుతో దీపాలు వెలిగించుకుంటోందంటే అది వాళ్ళ చలవే. అయితే రోడ్డు మీద నీలం ఎక్కువైతే ఎదుటివాళ్ళకు గుచ్చుకుంటుంది. వానలో, మంచులో కూడా అంతే. చలికాలం తెల్లవారుజామున లంబసింగి దారిలో, అరకు ఘాట్‌లో మంచు కమ్మినప్పుడు పైకి చిమ్మే తెల్లటి వెలుగు మంచు బిందువులకు తగిలి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. బల్బు డబ్బా మీద 6000 కెల్విన్, 6500 కెల్విన్ అని రాసి ఉంటే అది నీలంపాటి తెలుపు. హాలోజన్ వెలుగు 3200 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. తప్పదు, ఎల్‌ఈడీయే వేసుకుంటానంటే 4000, 4500 దగ్గర ఉన్నది అడగండి.

డబ్బా మీద ఇంకో అంకె ఉంటుంది, ల్యూమెన్లు. అంటే మొత్తం వెలుగు ఎంత అని. 35 వాట్ల హాలోజన్ బల్బు బ్రైటులో సుమారు 800 ల్యూమెన్లు ఇస్తుంది. బుల్లెట్ వంటి పెద్ద బళ్ళలో వాడే 60/55 వాట్ల బల్బు సుమారు 1650 ఇస్తుంది. ఎల్‌ఈడీ డబ్బాల మీద 8 వేలు, 12 వేలు, 20 వేలు అని రాస్తున్నారు. ఎల్‌ఈడీ వాటుకు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకున్నా 20 వాట్ల బల్బు 2 వేలకు మించదు. ఆ 20 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అటువంటి డబ్బాను అక్కడే పెట్టేసి రండి. అంకె అబద్ధమైతే లోపలి వస్తువు మీద కూడా నమ్మకం పెట్టుకోలేం.

వేడి గురించి కూడా చెప్పాలి. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందని అందరూ అంటారు. దాని ముందు భాగం చల్లగా ఉంటుంది, అది నిజమే. హాలోజన్ తన వేడిని వెలుగుతోపాటు ముందుకు చిమ్మేస్తుంది. ఎల్‌ఈడీ వేడి గింజ వెనక్కి దిగి మూతి దగ్గర పోగవుతుంది. అందుకే వెనక అల్యూమినియం రెక్కలు, కొన్నిటికి చిన్న ఫ్యానూ పెడతారు. మన బళ్ళ డూమ్‌లో అంత చోటు ఉండదు. వెనక ఉండే రబ్బరు టోపీ తొడగడానికి వీలుకాక కొందరు మెకానిక్‌లు దాన్ని కోసేస్తారు, ఇంకొందరు తీసి పారేస్తారు. అక్కణ్ణుంచి దుమ్ము, వాననీళ్ళు లోపలికి పోయి డూమ్ అద్దం మెరుపు పోతుంది. హాలోజన్ అయితే తన వేడితో లోపలి చెమ్మను ఆరబెట్టేది. ఎల్‌ఈడీకి ఆ శక్తి లేదు. వేడి బయటికి పోయే దారి లేక కొన్నాళ్ళకు గింజల వెలుగు తగ్గిపోతుంది, లేదా లోపలి సర్క్యూటు మాడిపోతుంది. రాత్రి నడిరోడ్డు మీద ఒక్కసారిగా డిమ్మూ బ్రైటూ రెండూ పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. హాలోజన్‌లో ఒక చుట్ట తెగినా రెండోది ఇల్లు చేరుస్తుంది.

ఇక కరెంటు. మన చిన్న బళ్ళు చాలావాటిలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను పక్కనుండే మాగ్నెటో నుంచి నేరుగా వస్తుంది. అది ఏసీ కరెంటు. స్పీడు బ్రేకరు దగ్గర ఏక్సిలేటరు వదిలితే లైటు మందగిస్తుంది చూడండి, అదే గుర్తు. ఏసీ మీద డీసీ ఎల్‌ఈడీ పెడితే అది వణుకుతుంది, కొన్నాళ్ళకు పోతుంది. ఏసీకి, డీసీకి రెండింటికీ పనిచేసే బల్బులున్నాయి, అడిగి తీసుకోవాలి. కొందరు వైరింగు మార్చి లైటును బ్యాటరీకి కలుపుతారు. మూడు ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మీద ఆ భారం వేసేముందు అది చార్జింగులో తిరిగి నిండుతోందా లేదా వోల్టుమీటరు పెట్టి చూడాలి.

ఎల్‌ఈడీ వేస్తే మైలేజీ పెరుగుతుందని కూడా ఒక ప్రచారం ఉంది. పెరగదు. 35 వాట్ల చోట 15 వాట్లు వాడితే ఆదా 20 వాట్లు. వంద సీసీ ఇంజను గరిష్ఠ శక్తి దాదాపు 6 వేల వాట్లు. పైగా చిన్న బళ్ళలో మాగ్నెటో తయారుచేసి, లైటు వాడుకోని కరెంటును రెగ్యులేటరు వేడిగా మార్చి వదిలేస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చాక ఈ మైలేజీ మాట ఎక్కువైంది. ఆ నిబంధన పెట్టింది పగలు కూడా బండి ఎదుటివాళ్ళకు కనపడాలని. స్విచ్చి లేని ఆ దీపం ఎదుటివాళ్ళను గుడ్డివాళ్ళను చేసేదైతే పగలూ రాత్రీ చేస్తూనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మరి వెలుగు చాలడం లేదన్న ఆ పాలరైతుకు ఏం చెప్పాలి? ముందు ఉన్న వెలుగును బయటికి తెప్పించుకోమని చెబుతాను. డూమ్ ముందు ప్లాస్టిక్ అద్దం పచ్చబారి మసకేసిందేమో చూడండి. దాన్ని పాలిష్ చేయిస్తే, కాకపోతే కొత్తది వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది. లోపలి అద్దం పూత పోయి ఉంటే డూమ్ మార్చాలి, అందులో ఏ బల్బు పెట్టినా లాభం లేదు. తర్వాత, బల్బు మూతి దగ్గర వోల్టేజీ ఎంత అందుతోందో కొలవండి. హాలోజన్‌కు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. సన్నటి పాత వైర్లు, మాడిన స్విచ్చి కాంటాక్టులు, తుప్పుపట్టిన ఎర్తు బోల్టు కలిసి సులువుగా ఒక వోల్టు తినేస్తాయి. బ్యాటరీ మీద హెడ్‌లైటు వెలిగే బళ్ళకు ఒక రిలే పెట్టి, బ్యాటరీ నుంచి కాస్త మందం వైరు ఫ్యూజుతో సహా లాగితే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. దీనికయ్యే ఖర్చు మంచి ఎల్‌ఈడీ బల్బు ధరకన్నా తక్కువ. బుల్లెట్ల వాళ్ళు కొందరు 100/90 వాట్ల బల్బు వేయిస్తుంటారు. పాత వైరింగు మీద అది వద్దు, హోల్డరు కరిగిపోతుంది.

ఇంకా తేలికైనది ఒకటుంది, లైటు వంపు. వెనక ఇద్దరు కూర్చున్నా, యూరియా బస్తా వేసినా బండి వెనక భాగం దిగి, ముందు దీపం ఆకాశాన్ని చూస్తుంది. డూమ్ దగ్గర దాన్ని సరిచేసే స్క్రూ ఉంటుంది. రోజూ బరువుతో తిరిగే బండికి ఆ బరువుతోనే సరిచేయించుకోవాలి. చాలా బళ్ళకు కొన్న రోజు నుంచీ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు వెనక వైపు వద్దాం. ఇక్కడ ఎల్‌ఈడీకి నేను మనస్ఫూర్తిగా ఓటు వేస్తాను. బ్రేకు నొక్కగానే మామూలు బల్బు తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. ఆ అయిదో వంతు సెకనులో, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మీ వెనక వచ్చే లారీ మూడు మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. ఆ మూడు మీటర్లు మీకూ ఆ లారీ బంపరుకూ మధ్య మిగిలితే ఎంత మేలో చెప్పక్కర్లేదు. పైగా గుంతల రోడ్ల కుదుపులకు తీగ తెగిపోయే బాధ ఉండదు. బ్రేకు లైటు పోయిన సంగతి బండి మీదున్నవాడికి తెలియదు, అదే దానితో వచ్చే కష్టం. తక్కువగా తెగే దీపం ఉండాల్సిన చోటు అదే.

జాగ్రత్తలు రెండే. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీ ఎక్కువ ఎర్రగా వెలుగుతుంది, తెల్లది పెడితే వెలిసిన గులాబీ రంగు వస్తుంది. కానీ మన బళ్ళు చాలావాటిలో టెయిల్ లైటు కింద చిన్న తెల్ల కిటికీ ఉండి, అందులోంచే నంబరు ప్లేటు మీద వెలుగు పడుతుంది. అక్కడ పూర్తి ఎర్ర బల్బు పెడితే ప్లేటు ఎర్రగా కనపడుతుంది. అది చట్టానికి సరిపడదు. అటువంటి బండికి తెల్లది, లేదా కింది వైపు తెల్ల గింజలున్నది తీసుకోండి. రెండోది, బ్రేకు నొక్కినప్పుడు వెలుగు స్పష్టంగా పెరగాలి. చవక బల్బులలో టెయిల్‌కీ బ్రేకుకీ తేడా కనిపించదు. మధ్యాహ్నం ఎండలో పది అడుగుల వెనక నిలబడి, ఇంకొకరిని బ్రేకు నొక్కమని చూడండి. ఆ ఎండలో తేడా తెలిస్తే ఆ బల్బు పనికొస్తుంది.

ఇండికేటర్ల కథ వేరు. ఇక్కడ బల్బు మార్చగానే కొన్ని బళ్ళలో అవి గబగబా కొట్టుకుంటాయి, కొన్నిట్లో అసలు కొట్టుకోకుండా వెలిగి నిలిచిపోతాయి. బల్బు చెడ్డదనుకుని జనం షాపుకు తిరిగి తెస్తారు. బల్బు తప్పేమీ లేదు. ఇండికేటర్లను కొట్టించే పాత ఫ్లాషరు రెండు 10 వాట్ల బల్బులు తీసుకునే కరెంటును బట్టి పనిచేస్తుంది. ఒక బల్బు పోతే కరెంటు తగ్గి లయ మారుతుంది, నడిపేవాడికి బల్బు పోయిందని తెలియడానికి అదొక ఏర్పాటు. ఎల్‌ఈడీలు కరెంటు చాలా తక్కువ తీసుకుంటాయి కాబట్టి ఫ్లాషరు బల్బులు పోయాయనుకుంటుంది. దీనికి మందు ఎల్‌ఈడీలకు సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు. నిమిషానికి 60 నుంచి 120 సార్ల లోపల కొట్టుకోవాలి. కొందరు ఫ్లాషరు మార్చకుండా రెసిస్టరు కడతారు. అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు దగ్గరగా కడితే కరిగిస్తుంది. కరెంటు ఆదా కోసం ఎల్‌ఈడీ పెట్టి, ఆ ఆదా చేసిన కరెంటునే వేడిగా తగలబెట్టడం నాకు నచ్చని పద్ధతి.

ఇంకో తమాషా చిక్కుంది, దీనికి మెకానిక్‌లు కూడా తల పట్టుకుంటారు. ఎడమ ఇండికేటరు వేస్తే నాలుగూ కొట్టుకుంటాయి. మీటరులో ఇండికేటరు గుర్తుకు ఒకే బల్బు ఉన్న బళ్ళలో ఇలా జరుగుతుంది. ఆ బల్బు ఒక కాలు ఎడమ లైనుకు, ఇంకో కాలు కుడి లైనుకు కలిపి ఉంటుంది. ఎడమ వేసినప్పుడు కరెంటు మీటరు బల్బులోంచి వెళ్ళి, కుడి బల్బుల తీగల గుండా ఎర్తు చేరుతుంది. ఆ కొద్ది కరెంటుకు తీగ వెలగదు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. రెండు లైన్ల నుంచి, కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడు చెరొకటి పెట్టి మీటరు బల్బు ఒక కాలికి కలిపి, రెండో కాలిని ఎర్తుకు ఇస్తే సరిపోతుంది. రెండు డయోడ్లకు అయ్యేది కొద్ది రూపాయలే. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో బళ్ళకు వైరింగు మొత్తం విప్పి పోగులు పెట్టారు.

పాత బళ్ళవాళ్ళకు ఒక మాట. 6 వోల్టుల యెజ్డీ, రాజ్‌దూత్ వంటివి ప్రేమగా దాచుకున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాటి డైనమో ఇచ్చే శక్తే తక్కువ. హెడ్‌లైటు, బ్రేకు, ఇండికేటరు ఒకేసారి వాడితే బ్యాటరీ దిగిపోతుంది. అటువంటి బండికి వెనక లైటు, మీటరు లైటు, ఇండికేటర్లు 6 వోల్టుల ఎల్‌ఈడీలకు మారిస్తే మిగిలిన కరెంటంతా హెడ్‌లైటుకు దక్కుతుంది. ఇక్కడ వాటు వాటుకూ విలువుంది. తీగ బల్బుకు ప్లస్సు మైనస్సు పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది, అది చూసుకుని బిగించాలి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుందాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ముందు దీపాల గురించే. దీపానికి 8 మీటర్ల ముందు, దానికి అర మీటరు కుడి పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో ఒక మనిషి కళ్ళున్నాయనుకుంటే, ఆ కళ్ళు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలని, లేదా నడిపేవాడు కిందికి దించగలిగేలా ఉండాలని అది చెబుతుంది. ఎంత చక్కగా రాశారో చూడండి. వాట్ల గురించి, రంగు గురించి మొదలుపెట్టకుండా ఒక మనిషి కన్ను ఎక్కడుంటుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. బయటి దేశాల సంగతి చూస్తే, జర్మనీలో 2020లో ఎల్‌ఈడీ మార్పు బల్బులకు మొదటిసారి అనుమతి ఇచ్చారు. అందరికీ ఒకేసారి ఇవ్వలేదు. ఏ మోడలుకు ఏ డూమ్‌లో ఏ బల్బు సరిపోతుందో పరీక్షించి, జాబితా ప్రకటించి, ఆ జాబితాలో ఉన్న బళ్ళకే అనుమతించారు. తర్వాత కొన్ని మోటారు సైకిళ్ళు కూడా అందులో చేరాయి. కోట్ల ద్విచక్ర వాహనాలున్న మన దేశానికి అటువంటి జాబితా ఇంకా ఎక్కువ అవసరమని నా నమ్మకం. అప్పుడు కొనేవాడికి, అమ్మేవాడికి, తనిఖీ చేసేవాడికి ముగ్గురికీ ఒకే కొలత ఉంటుంది. కొత్తగా ఎల్‌ఈడీ హెడ్‌లైటుతోనే వస్తున్న బళ్ళతో ఈ పేచీ లేదు, వాటి డూమ్‌ను ఆ గింజల కోసమే తయారుచేశారు.

ఆ జాబితా వచ్చేవరకు మన చేతిలో ఉన్న పరీక్ష గోడ పరీక్ష. చదునైన నేల మీద, గోడకు అయిదు మీటర్ల దూరంలో బండి నిలపండి. చక్రాల్లో గాలి సరిగ్గా ఉండాలి, మీరు బండి మీద కూర్చుని ఉండాలి. హెడ్‌లైటు నడిబొడ్డు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో అడ్డగీత గీయించండి. దానికి అయిదు సెంటీమీటర్ల కింద రెండో గీత. పాత హాలోజన్ డిమ్ములో వెలుగు అంచు ఈ రెండో గీత దగ్గరకు వచ్చేలా సరిచేయండి. అప్పుడు ఎల్‌ఈడీ బల్బు పెట్టి చూడండి. అంచు అక్కడే, అంతే స్పష్టంగా నిలిస్తే ఆ బల్బు గింజలు సరైన చోట ఉన్నాయన్నమాట. గింజలు కుడి ఎడమలకు చూస్తున్నాయో లేదో కూడా చూసుకోండి, కింద పైన చూస్తుంటే బల్బును తిప్పి బిగించాలి. ఎంత తిప్పినా పై గీతకు పైన వెలుగు మరకలు మరకలుగా పడుతుంటే ఆ బల్బు మీ డూమ్‌కు పనికిరాదు. ఎంత పెట్టి కొన్నా సరే, తీసేసి పాతది పెట్టించండి.

మెకానిక్ సోదరులకు నా విన్నపం ఒకటి. మీ షాపు ఎదురు గోడ మీద, రంగుతో చెరిగిపోకుండా, నిలువు కొలతలతో అడ్డగీతలు గీసి పెట్టండి. ఎదురు గోడ లేకపోతే షట్టరు మీదైనా సరే. కొత్త బల్బు పెట్టమని వచ్చిన ప్రతి కుర్రవాణ్ణి బండి ఆ గీతల ముందు ఆపమనండి, అతని కళ్ళతోనే చూడమనండి. గీత దాటిన బల్బును అమ్మకండి. ఒక బేరం పోవచ్చు. ఆ బండి రేపు ఏ కాలవ గట్టు మీదో ఎదురయ్యేది మీ ఇంటి మనిషికే కావచ్చు. ఈ రాత్రి బండి తీసేవాళ్ళు కూడా ఎదురుగా మనిషి కనపడగానే బ్రైటు తగ్గించి డిమ్ము వెయ్యండి.